కడుపు పంటకు కావలి
జంషెడ్‌పూర్ ప్రాంతం ఉక్కు కుటుంబాలకు చెప్పే పాఠం

ప్రసవం స్త్రీకి పునర్జన్మ అని మన పెద్దలు అంటారు. ఆ మాట ఊరకే పుట్టినది కాదు. కాన్పు కష్టమై కన్నుమూసిన తల్లి కథ ఒకనాడు ప్రతి ఊరిలోను ఒకటి వినిపించేది. నేడు పరిస్థితి చాలా వరకు మారినది. ప్రభుత్వ నమూనా నమోదు లెక్కల ప్రకారం 1997-98లో మన దేశంలో ప్రతి లక్ష సజీవ జననాలకు 398 మంది తల్లులు మరణించగా, 2018-20 నాటికి ఆ సంఖ్య 97కు తగ్గినది. అయినను పని పూర్తి కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచమంతటా సుమారు 2 లక్షల 60 వేల మంది స్త్రీలు గర్భధారణ, ప్రసవ సంబంధమైన కారణాలతో ప్రాణాలు కోల్పోయినారు.

ఈ వ్యాసంలో మేము పాఠకులకు మనవి చేయదలచిన విషయం ఒక్కటే. గర్భిణి ప్రాణం తీసే వ్యాధులలో చాలా భాగం ముందుగానే హెచ్చరికలు చేస్తాయి. ఆ హెచ్చరికలను పట్టుకొనే సాధనాలు సులభమైనవి, చికిత్సలు తెలిసినవి, ఔషధాలలో ఎక్కువ భాగం చవకైనవి. లోపం ఎక్కడ వస్తున్నదంటే, సకాలంలో కొలిచేవారు లేకపోవడంలోను, కొలిచిన తరువాత ఇంటివారు సకాలంలో నిర్ణయం తీసుకొనకపోవడంలోను. ఈ రెండు విషయాలకు మన దేశపు తొలి ఉక్కు నగరమైన జంషెడ్‌పూర్, దాని చుట్టుపట్ల గల సింగ్‌భూం పల్లెలు మంచి ఉదాహరణలు.

ఉక్కు కంటె ముందు వైద్యం

జంషెడ్‌పూర్ ప్రైవేటు రంగ నగరమే అయినను, ఉక్కు తయారీలో మన ప్రభుత్వ రంగ కర్మాగారాలన్నిటికీ అది పెద్దన్న వంటిది. టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడగా, 1908లోనే అక్కడ వైద్యసేవ ప్రారంభమైనది. నేటి టాటా మెయిన్ ఆస్పత్రికి అదే నాంది. తొలి ఉక్కు దిమ్మె వెలువడినది 1912లో. అనగా ఆ ఊరిలో ఉక్కు పుట్టుటకు ముందే వైద్యం పుట్టినది. నాటి సాక్చి గ్రామానికి 1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టినారు. ఉద్యోగులకు ఉచిత వైద్యం 1915లోను, మహిళా కార్మికులకు ప్రసూతి ప్రయోజనం 1928లోను అక్కడ అమలులోనికి వచ్చినవి. దేశమంతటికీ వర్తించే ప్రసూతి ప్రయోజన చట్టం 1961లో గాని రాలేదు. ఆ చట్టం ప్రకారం లభించే సెలవును మొదటి ఇద్దరు పిల్లల విషయంలో 12 వారాల నుండి 26 వారాలకు పెంచినది 2017 నాటి సవరణ. 1961లోనే జంషెడ్‌పూర్‌లో మహాత్మా గాంధీ స్మారక వైద్య కళాశాల కూడా వెలసినది.

ఈ నగరంతో తెలుగువారి అనుబంధం కూడా పాతదే. ఉత్తరాంధ్ర నుండి ఉపాధి కోసం వెళ్ళిన కుటుంబాలు తరతరాలుగా అక్కడ స్థిరపడినవి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ అనుబంధానికి నిదర్శనం.

అయితే నగరపు పొలిమేర దాటగానే దృశ్యం మారుతుంది. సరాయికేలా-ఖర్సావాన్, పశ్చిమ సింగ్‌భూం జిల్లాలలో హో, సంతాల్, ముండా తెగల పల్లెలు అడవుల నడుమ విసిరేసినట్లుంటాయి. జార్ఖండ్ రాష్ట్రంలో 2005-06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆస్పత్రిలో జరిగే కాన్పులు నూటికి 18 మాత్రమే. 2019-21 సర్వే నాటికి అవి 76కు చేరినవి. 2001-03లో బీహారు, జార్ఖండ్‌లకు కలిపి లక్షకు 371గా ఉన్న మాతృమరణాల రేటు 2018-20లో జార్ఖండ్ వరకు 56కు దిగినది. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. అంతటి వెనుకబాటు నుండి ఇంత దూరం రాగలగుట సామాన్యమైన విషయం కాదు. ఈ మార్పు ఎట్లు వచ్చినదో తెలుసుకొనుటకు ముందు, తల్లికి వచ్చే ఆపదలు ఏవో, వైద్యులు వాటిని ఎట్లు గుర్తిస్తారో చూద్దాం.

ఒక్క గ్రాము ఇనుము

జంషెడ్‌పూర్ కర్మాగారం ఏటా దాదాపు కోటి టన్నుల ఉక్కును తయారు చేస్తున్నది. దానికి కావలసిన ఖనిజంలో కొంత భాగం పశ్చిమ సింగ్‌భూంలోని నోవాముండి గనుల నుండి వస్తుంది. ఒక గర్భిణికి తొమ్మిది నెలల కాలంలో అదనంగా కావలసిన ఇనుము మొత్తం సుమారు ఒక గ్రాము. అంత ఇనుము పండే నేల మీద ఈ ఒక్క గ్రాము తల్లికి అందుట లేదు. 2019-21 సర్వే ప్రకారం జార్ఖండ్ గర్భిణులలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. దేశమంతటి సగటు 52. తెలుగు రాష్ట్రాలలో కూడా నూటికి 53 మందికి పైగా ఉన్నారు కావున, ఇది ఎవరో గిరిజన స్త్రీల సమస్య అని మనం పక్కన పెట్టుటకు వీలు లేదు.

గర్భిణి రక్తంలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటె తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. 7 కంటె తక్కువైతే అది తీవ్రమైనది. అటువంటి తల్లికి కాన్పు సమయంలో మామూలుగా పోయే రక్తం కూడా ప్రాణాంతకం కావచ్చును. బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చును, నెలలు నిండకుండా పుట్టవచ్చును. సింగ్‌భూం వంటి ప్రాంతాలలో తిండి లోపానికి తోడు మలేరియా, కొంకి పురుగులు, పుట్టుకతో వచ్చే సికిల్ సెల్ వ్యాధి కూడా రక్తాన్ని హరిస్తాయి. కావున మాత్ర ఇచ్చినా హిమోగ్లోబిన్ పెరగనప్పుడు ఈ కారణాలను వెదకుట వైద్యుని విధి.

ఈ రంగంలో తెలుగువారు గర్వపడదగిన చరిత్ర ఒకటి ఉన్నది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణులకు వచ్చే ఒక విధమైన రక్తహీనతను పరిశోధించినారు. ఈస్టుతో తయారైన పదార్థంలో దానిని నయం చేసే గుణం ఉన్నదని 1931లో ప్రకటించినారు. ఆ గుణానికి మూలమైన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేసినది అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధక బృందం. ఆ పరిశోధనలకు సారథ్యం వహించినవారు 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. నేడు గర్భిణి చేతిలో పెట్టే మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. గర్భధారణకు ముందు నుండి దానిని వాడితే బిడ్డ వెన్నుపాములో, మెదడులో వచ్చే కొన్ని లోపాలు చాలా వరకు నివారింపబడతాయని 1991లో రుజువైనది.

మన దేశంలో 2018 నుండి అమలవుతున్న రక్తహీనత నిర్మూలన కార్యక్రమం ప్రకారం, నాలుగవ నెల మొదలు 180 రోజుల పాటు ప్రతిరోజూ 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల మాత్రను గర్భిణి వాడవలెను. కాన్పు తరువాత మరి 180 రోజులు వాడవలెను. మాత్రను టీతోను, పాలతోను, కాల్షియం మాత్రతోను కలిపి వేసుకొనరాదు. నిమ్మరసం, ఉసిరి వంటివి తోడైతే ఇనుము బాగుగా ఒంటబడుతుంది. మలం నల్లగా అగుట సహజమే. ఇనుము మాత్ర వల్ల బిడ్డ నల్లగా పుడతాడనే మాటకు ఎట్టి ఆధారమూ లేదు. మాత్రలతో మెరుగు కానివారికి, నెలలు నిండే వేళ బయటపడినవారికి నరం ద్వారా ఇనుము ఎక్కించే ఇంజెక్షన్లు ఉన్నవి. హిమోగ్లోబిన్ 5 కంటె తక్కువైతే ఆస్పత్రిలో చేర్చి రక్తం ఎక్కించవలసి వస్తుంది.

గుర్రపు వాతం

కాన్పుకు ముందో, కాన్పు నొప్పులలోనో తల్లికి హఠాత్తుగా ఫిట్సు వచ్చి స్పృహ తప్పుటను మన ఊళ్ళలో గుర్రపు వాతం అనేవారు. దెయ్యం పట్టినదని భూతవైద్యుని కొరకు పరుగెత్తిన ఇళ్ళు కూడా లేకపోలేదు. నిజానికి అది రక్తపోటు వ్యాధికి చివరి దశ. గర్భంలో మాయ ఏర్పడే తొలి రోజులలో దానికి రక్తం చేర్చే ధమనులు తగినంత వెడల్పు కాకపోవుట ఈ వ్యాధికి మూలమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. దాని ఫలితం బయటపడేది 20 వారాల తరువాతనే. రక్తపోటు 140/90 లేదా అంతకు మించుట, మూత్రంలో ఆల్బుమిన్ కనబడుట దీనికి ముఖ్యమైన గుర్తులు. 160/110 దాటితే అత్యవసర పరిస్థితి.

కాళ్ళకు నీరు దిగుట చాలా మందికి సహజంగా జరిగేదే. కాని ముఖము, చేతులు కూడా ఉబ్బుట, తగ్గని తలనొప్పి, చూపు మసకబారుట, కుడి డొక్క పైభాగంలో నొప్పి, మూత్రం తగ్గుట అనేవి ఆలస్యం చేయరాని లక్షణాలు. ఈ వ్యాధి మొదటి కాన్పు వారిలోను, కవలలు గలవారిలోను, పూర్వం రక్తపోటు లేదా మధుమేహం ఉన్నవారిలోను ఎక్కువ. అట్టి ప్రమాదం గలవారికి వైద్యులు 16 వారాల లోపు తక్కువ మోతాదు ఆస్పిరిన్ ప్రారంభిస్తారు. కాల్షియం తక్కువగా తినేవారికి కాల్షియం మాత్రలు కూడా రక్షణ ఇస్తాయి. రక్తపోటును లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్ డోపా వంటి మందులతో అదుపులో ఉంచవచ్చును గాని, వ్యాధి మూలం తొలగేది బిడ్డ, మాయ బయటపడినప్పుడే. కావున ఎప్పుడు కాన్పు చేయవలెనన్నదే వైద్యుని ముందున్న పెద్ద ప్రశ్న.

ఫిట్సును ఆపే మందు మెగ్నీషియం సల్ఫేటు, అనగా సామాన్యమైన ఎప్సమ్ ఉప్పు. ద్రవ ఇనుములోని గంధకాన్ని తొలగించుటకు ఉక్కు కర్మాగారాలలో మెగ్నీషియం వాడుట మన పాఠకులలో పలువురికి తెలిసినదే. అదే లోహపు లవణం తల్లుల ప్రాణాలు కాపాడుతున్నది. మన దేశం కూడా పాల్గొన్న ఒక అంతర్జాతీయ పరీక్ష ఫలితాలు 1995లో వెలువడి, ఫిట్సు మళ్ళీ రాకుండా ఆపుటలో ఇది అప్పటి ఇతర మందుల కంటె ఎంతో మేలని నిరూపించినవి. ఫిట్సు రాకముందే ఇస్తే ఆ ప్రమాదం సగానికి తగ్గుతుందని 2002లో తేలినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మొదటి మోతాదు ఇచ్చి పెద్ద ఆస్పత్రికి పంపుట నేటి పద్ధతి. కాన్పు అయినంత మాత్రాన ప్రమాదం తీరినట్లు కాదు. ఆ తరువాతి రోజులలో కూడా రక్తపోటు చూపించుకొనవలెను.

తీపి కబురులోని చేదు

ఉక్కు పట్టణాలలో రక్తహీనతతో పాటు మరొక ఆపద కూడా పెరుగుతున్నది. అది గర్భిణులకు వచ్చే మధుమేహం. పైకి ఏ లక్షణమూ కనబడకపోవచ్చును. బిడ్డ మితిమీరి పెరుగుట, కాన్పు కష్టమగుట, పుట్టిన బిడ్డకు చక్కెర పడిపోవుట దీని పరిణామాలు. చెన్నై వైద్యులు డాక్టర్ వి. శేషయ్య మొదలైనవారి కృషి ఫలితంగా మన దేశానికి అనువైన సులభ పరీక్ష ఒకటి అమలులోనికి వచ్చినది. పరగడుపున రావలసిన పని లేదు. 75 గ్రాముల గ్లూకోజును నీటిలో కలిపి త్రాగించి, రెండు గంటల తరువాత రక్తపరీక్ష చేస్తారు. 140 మిల్లీగ్రాములు లేదా అంతకు మించితే మధుమేహం ఉన్నట్లే. ఈ పరీక్షను మొదటిసారి ఆస్పత్రికి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుండి 28 వారాల మధ్య మరొకసారి చేయించవలెను.

చాలా మందికి ఆహార నియమం, నడక సరిపోతాయి. రెండు వారాలలో చక్కెర అదుపులోనికి రాకపోతే మందు గాని, ఇన్సులిన్ గాని ప్రారంభిస్తారు. కడుపుతో ఉన్నది గదా అని ఇద్దరి తిండి తినిపించే అత్తగార్లు, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని తిండి తగ్గించే అమ్మలు, ఇద్దరూ వైద్యుని సలహా అడుగుట మంచిది. కాన్పు తరువాత ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించుట మరువరాదు. ఈ స్త్రీలకు ముందు ముందు మధుమేహం వచ్చే అవకాశం ఇతరుల కంటె ఎక్కువ.

కంటికి అందని రక్తస్రావం

నెలలు నిండిన గర్భాశయానికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది. మాయ విడిన తరువాత గర్భాశయ కండరం బిగుసుకొని ఆ నాళాలను నొక్కివేయుట వల్లనే స్రావం ఆగుతుంది. ఆ కండరం బిగియకపోతే రెండు గంటలలోనే తల్లి ప్రాణం పోవచ్చును. కావుననే బిడ్డ పుట్టిన నిమిషంలోనే ఆక్సిటోసిన్ ఇంజెక్షను ఇచ్చుట నేడు తప్పనిసరి పద్ధతి అయినది. ఈ మందును చలువలో భద్రపరచవలెను. ఆ సౌకర్యం లేని చోట మిసోప్రొస్టాల్ మాత్రలు ఉపయోగపడతాయి. స్రావం ఆగనప్పుడు మూడు గంటల లోపు ట్రానెక్సామిక్ ఆమ్లం ఇస్తే మరణాలు తగ్గుతాయని 2017లో ఒక పెద్ద పరిశోధన తేల్చినది.

ఇక్కడ కూడా కొలతదే ప్రధాన పాత్ర. పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేసేవారు చాలాసార్లు తక్కువగానే అంచనా వేస్తారు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాలలో రెండు లక్షల మందికి పైగా తల్లులపై జరిగిన ఒక అధ్యయనం 2023లో వెలువడినది. కొలత గీతలు గల ప్లాస్టిక్ సంచిని తల్లి క్రింద పరచి రక్తాన్ని కొలిచి, హద్దు దాటగానే చికిత్సలన్నిటినీ ఒకేసారి ప్రారంభించినచోట తీవ్ర రక్తస్రావము, దాని వలని శస్త్రచికిత్సలు, మరణాలు అన్నీ కలిపి 60 శాతం తగ్గినవి. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. ఉన్న మందులనే కొలతను బట్టి సకాలంలో వాడినారు.

తొలి నెలలలో వచ్చే రక్తస్రావాన్ని కూడా తేలికగా తీసుకొనరాదు. నెల తప్పిన తరువాత పొత్తికడుపులో ఒక ప్రక్క నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవుట వంటివి ఉంటే, గర్భం గర్భాశయంలో గాక నాళంలో నిలిచిందేమో వెంటనే చూడవలెను. నాళం పగలకముందే స్కానింగులో బయటపడితే చాలా మందిని శస్త్రచికిత్స లేకుండా మెథోట్రెక్సేట్ ఇంజెక్షనుతో నయం చేయవచ్చును. ముత్యాల గర్భం తరువాత కొందరిలో వచ్చే క్యాన్సరు కూడా ఈ మందుతోనే నయమగుట 1956 నుండి వైద్యలోకానికి తెలిసినది. ఈ మందు కూడా సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లంపై జరిపిన పరిశోధనల నుండి వచ్చినదే. ఆయన 1948లోనే కన్నుమూసినారు గాని, ఆయన కృషి నేటికీ ప్రతి ప్రసూతి ఆస్పత్రిలోను సాగుతున్నది.

మూడు జాప్యాలు

మందులు ఇన్ని ఉండగా తల్లులు ఎందుకు మరణిస్తున్నారు? సెరీన్ థడియస్, డెబొరా మేన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఇచ్చినారు. వారి ప్రకారం జాప్యాలు మూడు. ఆస్పత్రికి వెళ్ళవలెనని నిర్ణయించుటలో జాప్యం. ఆస్పత్రికి చేరుటలో జాప్యం. చేరిన తరువాత చికిత్స అందుటలో జాప్యం. రెండవ దానికి 108 వాహనాలు, మూడవ దానికి రక్తనిధులు, నిపుణులు కావలెను. మొదటి జాప్యం మాత్రం ఇంటి గడపలోనే పుడుతుంది. దానికి మందు కూడా అక్కడే దొరకవలెను.

ఆ మందు దొరికిన చోటు జంషెడ్‌పూర్‌కు పొరుగున గల చక్రధర్‌పూర్. డాక్టర్ ప్రశాంత త్రిపాఠీ, డాక్టర్ నిర్మలా నాయర్ స్థాపించిన ఏక్‌జుట్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుండి 2008 వరకు పశ్చిమ సింగ్‌భూం, సరాయికేలా-ఖర్సావాన్, ఒడిశాలోని కెందుఝర్ జిల్లాలలో లండన్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి ఒక ప్రయోగం నడిపినది. ఆ ప్రయోగంలో ఆస్పత్రి కట్టలేదు, మందులు పంచలేదు. 244 మహిళా బృందాలను నెలకొకసారి కూర్చోబెట్టినారు. స్థానిక స్త్రీ ఒకరు సమావేశాన్ని నడిపేవారు. బొమ్మల కార్డులతో, కథలతో, ఆటలతో గర్భిణులకు, పసిబిడ్డలకు వచ్చే ఆపదలను చర్చించేవారు. వాటిలో ముఖ్యమైనవి ఏవో బృందమే తేల్చుకొనేది. ఉపాయాలను కూడా బృందమే ఆలోచించి, అమలు జరిపి, చివరికి ఫలితాన్ని తానే బేరీజు వేసుకొనేది. మొత్తం 20 సమావేశాలు.

ఫలితాలు 2010లో ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రచురింపబడినవి. సమావేశాలు జరిగిన గ్రామాలలో నవజాత శిశు మరణాలు మూడేళ్ళ కాలంలో 32 శాతం తక్కువగా నమోదైనవి. చేతులు కడుగుకొని కాన్పు చేయుట, శుభ్రమైన పరికరంతో బొడ్డు కోయుట వంటి అలవాట్లు పెరిగినవి. మూడవ సంవత్సరంలో తల్లులలో ఒక మోస్తరు మానసిక క్రుంగుబాటు కూడా సగానికి పైగా తగ్గినది. ఆ తరువాత జార్ఖండ్‌లో సహియా అని పిలువబడే ఆశా కార్యకర్తల ద్వారానే ఈ సమావేశాలు జరిపించినప్పుడు కూడా మంచి ఫలితాలే వచ్చినవి. క్రమంగా ఇది ప్రభుత్వ కార్యక్రమంగా విస్తరించినది. చదువు రాని స్త్రీలు తమలో తాము మాట్లాడుకొని సాధించిన విజయం ఇది. జార్ఖండ్‌లో మాతృమరణాలు తగ్గుటకు 2005 నాటి జననీ సురక్షా యోజన, ఉచిత వాహనాలు, పెరిగిన ఆస్పత్రి కాన్పులు కూడా తోడైనవనుట న్యాయం.

పుట్టింటి ప్రయాణం – చేయి మారే వేళ

సింగ్‌భూం గ్రామాలకే కాదు, మన ఉక్కు కుటుంబాలకు కూడా ఒక మొదటి జాప్యం ఉన్నది. దానిని మనం ఆచారమని ముద్దుగా పిలుచుకొంటాము. తొలి కాన్పు పుట్టింట జరగవలెననే మన సంప్రదాయంలో ఎంతో అర్థం ఉన్నది. తల్లి చేతి వంట, తల్లి ఇచ్చే ధైర్యం ఏ ఆస్పత్రీ ఇవ్వలేదు. ఆ సంప్రదాయాన్ని మానుకొమ్మని మేము చెప్పబోవుట లేదు. కాని సీమంతం జరిపి అమ్మాయిని పంపే సమయాన్ని ఒకసారి గమనించవలెను. అది ఏడవ నెల లేదా తొమ్మిదవ నెల. రక్తపోటు వ్యాధి తలెత్తేది సరిగా ఆ రోజులలోనే.

జంషెడ్‌పూర్‌లో కాపురమున్న అమ్మాయి టాటానగర్‌లో రైలెక్కి శ్రీకాకుళం వైపు పుట్టింటికి వస్తుంది. శ్రీకాకుళంలో మెట్టినిల్లు గల అమ్మాయి జంషెడ్‌పూర్‌లోని తల్లి దగ్గరకు వెళుతుంది. విశాఖ, భిలాయి, రూర్కెలా, బొకారో పట్టణాలలోని మన కుటుంబాలలోను ఇదే జరుగుతున్నది. ఏడు నెలలు చూసిన వైద్యురాలు ఒక ఊరిలో, కాన్పు చేసే వైద్యురాలు మరొక ఊరిలో. మొదటి నెలలలో రక్తపోటు ఎంత ఉండేది, హిమోగ్లోబిన్ ఎంత పెరిగినది, చక్కెర పరీక్ష చేసినారా, రక్తం గ్రూపు ఏది అనే విషయాలు క్రొత్త వైద్యురాలికి తెలియవు. మామూలుగా 100/60 ఉండే అమ్మాయికి 138/88 ఉంటే అది హెచ్చరిక వంటిది. పాత అంకెలు చూడనివారికి మాత్రం అది హద్దు లోపలి అంకెగానే కనబడుతుంది.

కర్మాగారంలో షిఫ్టు మారే వేళ ఎంత జాగ్రత్త అవసరమో మన ఉద్యోగులకు వేరుగా చెప్పనక్కరలేదు. లాగ్ బుక్కు అప్పగించకుండా ఎవరూ గేటు దాటరు. గర్భిణికి లాగ్ బుక్కు తల్లీబిడ్డల సంరక్షణ కార్డు. చీర, సారె, పసుపు కుంకుమలతో పాటు ఆ కార్డు, స్కానింగు నివేదికలు, మందుల చీటీలు కూడా ప్రయాణం చేయవలెను. చేరిన వారం లోపలే అక్కడి వైద్యురాలికి చూపించవలెను.

ప్రతి ఇంటా పాటించవలసినవి

మా మనవిని క్లుప్తంగా ఇట్లు చెప్పవచ్చును.

1. నెల తప్పిన వెంటనే, మూడు నెలల లోపు ఆస్పత్రిలో పేరు నమోదు చేయించవలెను. ప్రతి సందర్శనంలోను బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్, మూత్రపరీక్షల అంకెలను కార్డులో వ్రాయించుకొనవలెను. చూసినాము, బాగున్నది అనే మాటతో తృప్తి పడరాదు.

2. రక్తం గ్రూపు తొలి సందర్శనంలోనే తెలుసుకొనవలెను. తల్లికి ఆర్.హెచ్. నెగటివ్, తండ్రికి పాజిటివ్ అయితే 28 వారాలకు, బిడ్డ పాజిటివ్ గ్రూపుతో పుడితే 72 గంటల లోపు మళ్ళీ యాంటీ-డి ఇంజెక్షను అవసరం కావచ్చును.

3. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రులలో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ కార్యక్రమం క్రింద గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నవి. ఇంటిలో పనిచేసే స్త్రీలకు, కాంట్రాక్టు కార్మికుల కుటుంబాలకు ఈ విషయం తెలియజేయుట మన బాధ్యత.

4. రక్తస్రావం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారుట, ఫిట్సు, జ్వరం, ఉమ్మనీరు ముందుగా పోవుట, బిడ్డ కదలికలు తగ్గుట – వీటిలో ఏది కనబడినా ఉదయం చూద్దామని ఆగరాదు.

5. ఏ ఆస్పత్రికి వెళ్ళవలెను, ఏ వాహనంలో వెళ్ళవలెను, రక్తం ఇవ్వగలవారు ఎవరు, రాత్రి వేళ నిర్ణయం తీసుకొనేది ఎవరు అనే నాలుగు ప్రశ్నలకు ఎనిమిదవ నెల నాటికే ఇంటిలో సమాధానం సిద్ధంగా ఉండవలెను. నిర్ణయం తీసుకొనే అధికారం గర్భిణికి కూడా ఉండవలెను.

6. కాన్పు తరువాత పథ్యం పేరిట ఆకుకూరలు, నీళ్ళు మాన్పించరాదు. ఆరు వారాల వరకు తల్లి ఆరోగ్యాన్ని బిడ్డ ఆరోగ్యంతో సమానంగా గమనించవలెను. దిగులు, నిద్ర లేమి, బిడ్డ మీద విముఖత వంటివి ఎక్కువ రోజులుంటే అది పొగరు కాదు, వైద్యం చేయదగిన వ్యాధి.

ఈ పనులు స్త్రీలవే అని మన పురుష ఉద్యోగులు తప్పుకొనుట తగదు. నెలకొకసారి భార్యతో పాటు ఆస్పత్రికి వెళ్ళి, కార్డులోని అంకెలను గత నెల అంకెలతో పోల్చి చూచుటకు ఒక పూట సెలవు చాలును. యంత్రం మీద పీడనమాపకం ముల్లు ఎర్రగీత వైపు జరిగితే మనం క్షణం ఆలోచించము. భార్య కార్డులోని అంకెను కూడా అదే కన్నుతో చదవవలెనని మా కోరిక.